గునుగు అంచు

"చూసిన్రా, చూడలేదా? గా ఒక్క ముక్క చెప్పన్నా" అంటూ విజయ బల్ల ముందు నిలబడిపోయింది.

గుమస్తా దేవేందర్ రాసుకుంటున్న పుస్తకంలోంచి తలెత్తలేదు. నాలుగుసార్లు ఫోన్లో చెప్పిన జవాబే మళ్లీ చెప్పాడు. డిజైన్లు ఇచ్చిపోయినవాళ్లకు, సావుకారి చూశాడనీ చెప్పకూడదు, చూడలేదనీ చెప్పకూడదు. నచ్చితే కబురు వస్తుంది. అంతే.

విజయ చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. ఒకరి దగ్గర కొలువు కాదు. కోరుట్లలో ఇంట్లోనే గళ్ల కాగితం మీద గీసి, ఏ మరమగ్గాల సావుకారికి నచ్చితే వాళ్లకు ఇస్తుంది. నెల కిందట, ఇంకా బస్సులు తిరుగుతున్న రోజుల్లో, సిరిసిల్లకు వచ్చి ఈ సావుకారి సాంబయ్య షెడ్డు గుమ్మం దగ్గరున్న పెట్టెలో తన కవరు వేసి పోయింది. ఆ తర్వాత తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఈ రోజు నాలుగు ఆటోలు మారి వచ్చింది. వేములవాడలో నిరసనగా నడిరోడ్డు మీద వంటా వార్పు చేస్తున్న ఆడవాళ్లు, తినకుండా కదలనియ్యమని కూర్చోబెట్టి, విస్తరి వేసి పప్పన్నం పెట్టి పంపించారు. ఇంత దూరం వచ్చింది ఫోన్లో విన్న మాటే మళ్లీ వినడానికి కాదు.

జగిత్యాలలో ఫ్లెక్సీల దుకాణం వాళ్లు సోమవారం నుంచి పనిలోకి రమ్మంటున్నారని, వస్తానో రానో సాయంత్రంలోగా చెప్పాలని ఆమె దేవేందర్‌కు చెప్పింది. ఉద్యమం రోజులు కదా, అక్కడ చేతినిండా పని. కానీ తనకు అంచులు గీయడమే ఇష్టమని కూడా చెప్పింది.

దేవేందర్ కలం పక్కన పెట్టి, కుండలోంచి మంచినీళ్లు ముంచి ఇచ్చాడు.

"చూసిండంటే, మరెందుకు నచ్చలేదంటరు. చూడలేదంటే, ఎప్పుడు చూస్తడంటరు. గందుకే సావుకారి నోరిప్పద్దన్నడు చెల్లె."

"నచ్చలేదంటే ఇంకోటి గీస్త. చూడలేదంటే ఆగుత. ఏదీ తెల్వకుంటెనే పెన్సిల్ వట్టబుద్ధయితలేదన్నా."

దేవేందర్ మళ్లీ కలం అందుకున్నాడు.

అయితే తన కాగితం తనకు ఇచ్చేయమంది విజయ. అది న్యాయమేననిపించి, అతను అలమారలోంచి పెద్ద కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. కరెంటు లేక షెడ్డులో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె ఒక్కొక్క కాగితమే తిప్పింది. నెమళ్లు, మామిడి పిందెలు, ఏనుగులు. చివరిదాకా చూసి మళ్లీ మొదటి నుంచి చూసింది. తనది లేదు.

"పారేసిన్రా?" అని అడిగింది.

దేవేందర్‌కు జాలి వేసింది. ఇన్నాళ్లలో ఎవరినీ అడగని మాట అడిగాడు.

"ఏం బొమ్మ గీసినవ్ చెల్లె?"

"బతుకమ్మల పేరుస్తం గదా, గునుగు పూలు."

అతను కుర్చీలోంచి లేచాడు. ఒక క్షణం ఆమె వంక చూసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా షెడ్డులోకి పరుగెత్తాడు. కాగితం పోయిన సంగతి సావుకారికి చెప్పడానికే పోయాడనుకుని విజయ చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

గుమ్మం దాటబోతుండగా వెనక నుంచి సాంబయ్య పిలిచాడు. అరవై ఏళ్ల మనిషి, ఒళ్లంతా దూది నూగు. ఆయాసపడుతూ వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

"గునుగు పువ్వు తెల్లగుంటది గదా. నువ్వు కొసకు గులాబి రంగెందుకు వెట్టినవ్ బిడ్డా?"

"తెంపిన నాడు కొసకు గులాబి ఉంటది కాకా. ఎండినంకనే తెల్లవడ్తది."

సాంబయ్య మొహం విప్పారింది. చంకలో ఉన్న చీర తీసి బల్ల మీద పరిచాడు. అంచు పొడుగునా గునుగు పూలు, కొసలకు లేత గులాబి. విజయ దాన్ని వేళ్లతో తడిమి చూసింది. తన గళ్ల కాగితం మీది పువ్వు దారాల్లోకి ఎక్కి ఇలా మెరుస్తుందని ఆమె కూడా అనుకోలేదు.

కవరు తెరిచిన రోజే నచ్చిందని సాంబయ్య చెప్పాడు. ఒక్క చీర నేయించి వ్యాపారులకు చూపిస్తే, బతుకమ్మకు ఎన్నైనా పంపమన్నారట. గీసిన మనిషిని అడగకుండా రెండోది నేయడం తప్పని ఆగిపోయాడు. మనిషి ఎవరో తెలిస్తే గదా. ఆమె పేరూ నంబరూ రాసింది కవరు మీద. కాగితం మీద ఏమీ లేదు. కవరు చెత్తబుట్టలోకి పోయింది. గునుగు అంచు వాళ్లు ఫోన్ చేస్తే తనకు చెప్పమని దేవేందర్‌కు చెప్పి ఉంచాడు. చేసినవాళ్లను ఏ అంచు అని దేవేందర్ ఏనాడూ అడగలేదు.

దేవేందర్ తలవంచుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

ఈ రోజు కరెంటు రాగానే మగ్గాలెక్కిద్దామన్నాడు సాంబయ్య. కూలి ఎంతో ఆమెనే చెప్పమన్నాడు. పండుగ తర్వాత ఇంకో రెండు అంచులు కావాలన్నాడు. విజయ అక్కడే నిలబడి జగిత్యాలకు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పేసింది. ఫోన్ పెట్టేశాక ఒక మాట అడగకుండా ఉండలేకపోయింది.

"చూసినమనో లేదనో చెప్తే ఏం పోతది కాకా? నెల దినాలు ఎంత గోసపడ్డనో మీకేం ఎరుక?"

"ఎరుకే బిడ్డా" అన్నాడు సాంబయ్య చీర మడతపెడుతూ. "నీకోసం పేపర్ల ప్రకటన ఏయించిన. ఎవలన్న సదివిన్రా అని రోజూ పేపరోల్లకు ఫోన్ చేస్తున్న, ఒక్కడు చెప్తలేడు."