తిరుమణి గడ్డ మీద పంటి గాట్లు

ముందే ఒప్పుకుంటున్నా. చిన్నప్పుడు నేనూ బలపాలు తిన్నాను. ఒకటీ రెండూ కాదు, డబ్బాలకు డబ్బాలు. కాబట్టి ఈ కథలో ఎవరినీ ఛీ అనే అర్హత నాకు లేదు. రంగనాయకికి మాత్రం అలాంటి ఇబ్బందేమీ లేదు.

"ఛీ ఛీ! పంటి గాట్లు! ఇట్ల సూడండి, పంటి గాట్లు!"

పొద్దున ఆరున్నరకు ఇంటి పెద్ద వేంకటాచలపతి నుదుట నామం పెట్టుకుందామని పెట్టె తెరిస్తే, తిరుమణి గడ్డ సగమే ఉంది. నిన్న గుప్పెడంత ఉన్న తెల్లమట్టి అది. ఒక అంచు జామకాయ కొరికినట్టు ఉంది. ఆయన భార్య రంగనాయకి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి తెచ్చి కోడలి ముక్కు కింద పెట్టింది.

నారాయణి అప్పుడే బాత్రూంలోంచి వచ్చింది. మూడో నెల. లేచిన దగ్గర్నుంచి అది నాలుగో వాంతి.

"నేను తినలేదు అత్తా."

"మరి యెలకలు తిన్నాయా? యెలకకు ఇంత లావు పళ్లుంటాయా? స్వామి నామం మట్టి గదే అది! నోట్లో యెట్ల పెట్టుకున్నావే, ఛీ!"

"పోనీలేవే, కడుపుతో ఉండే పిల్ల. ఏదో నోరూరింటుంది," అన్నాడు వేంకటాచలపతి. ఏడింటికల్లా ఆయన గుళ్లో ఉండాలి.

"మీరు ఊరుకోండి. ముందు ఆ కాఫీ అవతల పెట్టండి, వాసనకే కడుపులో తిప్పుతా ఉండాది." రంగనాయకి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ కోడలి మీదికి తిరిగింది. "మట్టి తిన్న కడుపులో పురుగులు పడతాయి. తెల్లగా, దారాల మాదిరి. లోపల బిడ్డ చుట్టూ పాకతాయి."

నారాయణి నోరు మూసుకుని మళ్లీ బాత్రూంలోకి పరిగెత్తింది. అయిదో సారి.

బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర అత్తగారు గులాబీ రంగు సీసాతో నిలబడి ఉంది. "పురుగుల మందు. మెడికల్ షాపు మునిచంద్రను అడిగి నిన్ననే తెచ్చి పెట్టినా. తాగు."

నారాయణి సీసా మీది చీమ తలకాయంత అక్షరాలను ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చదివింది. డాక్టరు చెప్పనిదే గర్భిణులు వాడకూడదని ఉంది.

"తాగను అత్తా. బిడ్డకు మంచిది కాదంట."

"మట్టి మంచిదా?"

"అది నేను తినలేదు!"

"అయితే ఈ పొద్దునుంచి నా వంటింట్లో కాలు పెట్టబాక. మట్టి తిన్న చేతి నీళ్లు నేను తాగను."

నారాయణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మొగుడు హృషీకేశ్ ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి, ఆ ఇంట్లో ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తాడు. "అమ్మా! తాగల్నా వద్దా డాక్టరే చెప్తుంది. పదండి ఇద్దరూ."

డాక్టర్ ప్రసన్నకుమారి సీసా చూసి, మూత కూడా తీయకుండా చెత్తబుట్టలో పడేసింది.

"మొదటి మూడు నెలల్లో నేను రాయని మందు ఏదీ లోపలికి పోకూడదు. నారాయణీ, ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నావా? వాంతులవుతున్నాయని పస్తు ఉండొద్దు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తిను." తర్వాత రిపోర్టు తిప్పింది. "మట్టి తినేవాళ్లకు చాలావరకు రక్తం తక్కువుంటుంది. ఈ అమ్మాయికి బాగానే ఉందే."

"మీకు తెలీదు డాక్టరమ్మా," రంగనాయకి ముందుకు జరిగింది. "అది ఒకతూరి నోటికి తగిలితే వదలదు. పొడిగా కొరికితే అంగిట్లో అంటుకుంటాది గానీ, రవ్వంత నీళ్లు చిలకరించినామనుకో, వాన పడినప్పటి వాసన గుప్పుమంటాది. నాలిక మీద పెడితే వెన్న మాదిరి..."

ఆగిపోయింది.

"ఛీ, అత్తా!" అంది నారాయణి.

డాక్టరు రంగనాయకి కంటి కింది రెప్ప లాగి చూసింది. సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. "ఎస్తేరు సిస్టర్, ఈమెకు రక్తం, మూత్రం, స్కానింగు అన్నీ చేయించు."

"నాకేల? నలభై మూడేళ్లొచ్చినాయి, మట్టి తిన్నంత మాత్రాన చస్తానా?" అంటూనే రంగనాయకి ఎస్తేరు వెంట వెళ్లింది.

తర్వాత బయట బెంచీ మీద అత్తాకోడళ్లు చెరో చివర కూర్చున్నారు. రంగనాయకి గొంతు వినపడీ వినపడకుండా వచ్చింది.

"మూడు వారాలాయెనే. ఆపుకోలేకపోతా ఉండా. నువ్వు తిన్నావంటే వేవిళ్లని సరిపెట్టుకుంటారు. నేను తిన్నానంటే మీ మామ నా మొగం సూస్తాడా?"

"మరి ఆ మందు? అది తాగి నా బిడ్డకేమన్నా అయ్యుంటే?"

"పురుగులు పడతాయని నాకే భయమే. నీకని తెస్తే ఎవరూ అడగరు గదా. నీకొక మూత పోసి, మిగిలింది నేను తాగుదామని."

నారాయణి బెంచీ చివరికి ఇంకొంచెం జరిగింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి. ఎవరు తిని ఎవరి మీదికి తోశారో నాకు రాయండి, పేర్లు మార్చి రాసినా ఏమీ అనుకోను. అంతలో ఎస్తేరు రిపోర్టుతో వచ్చింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది.

"డాక్టర్ మేడమ్ ఇద్దరికీ ఒకే మాత్రలు రాసినారు. రంగనాయకమ్మా, నెలల లెక్కలో మీ కోడలి కంటే మీరే పది దినాలు ముందుండారు."