ఆరు తీగల మీద కీర్తన

"దేవుని పాట తీసుకెళ్ళి మందు గ్లాసుల మధ్యన వాయిస్తావా? ఆదివారం నుంచి చర్చిలో గిటారు ముట్టుకోకు!" అన్నాడు సంఘపెద్ద జాన్‌బాబు, విల్సన్ ఇంకా గుమ్మంలో ఉండగానే.

విల్సన్ అప్పుడే జెబెల్ అలీ గోడౌన్‌లో డ్యూటీ దిగి, మెట్రోలో నిలబడి కరామా చేరాడు. ఆరుగురుండే గదిలో తనకున్నదల్లా ఒక మంచం. దాని మీద సంఘపెద్ద కూర్చుని ఉంటే నడుం వాల్చే యోగం కూడా లేకపోయింది. హోటల్లో వాయించేది నాలుగు డబ్బుల కోసం; వారమంతా పెట్టెలు మోసే మనిషికి చర్చిలో గిటారు వాయించే ఆ గంటన్నరే ఊపిరి. అదీ పోతే ఈ దుబాయ్‌లో తనకంటూ ఇంకేమీ మిగలదు.

"అది మొదట్లో దేవుని పాట కాదండి. ఒపెరా పాట," అన్నాడు నీరసంగా.

"ఏటది?"

"ఇటలీ వాళ్ళ సంగీత నాటకమండి. ఆదివారం సాయంత్రాలు టీ తాగేవాళ్ళకి ఒపెరా పాటలే వాయించమన్నాడు హోటల్ ముదీరు, అదే మేనేజరు."

మంచం కింద నుంచి కాగితాల కట్ట లాగాడు. "రెండొందల ఏళ్ళ కిందట గ్రామఫోను కూడా లేదు కదండీ. నాటకానికి వెళ్ళలేనోళ్ళు ఆ పాటలు ఎలా వింటారు? అందుకని గిటారు మాస్టర్లు వాటిని గిటారుకి సరిపడేలా రాసి అచ్చేయించేవోళ్ళు. జనం కొనుక్కెళ్ళి ఇంట్లో వాయించుకునేవోళ్ళు. మనవైపు నాటకం పద్యాలు హార్మోనియం మీద పట్టుకోరా, అలాగే."

"ఒక్క గిటారు మీద నాటకమంతానా?"

"అంతా రాదండి. పాట పై తీగల మీద, బేసు బొటనవేలితో. అరవైమంది వాయించే దాంట్లో ఏది వదిలెయ్యాలో తెలియడమే అసలు పని."

జాన్‌బాబు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి మన పాటల పుస్తకంలోకి ఎలా వచ్చింది?"

"తర్వాత దొరలు ఆ ట్యూనుకి దేవుని మాటలు కట్టుకున్నారండి. మనోళ్ళు తెలుగులో రాసుకున్నారు."

పెద్దాయన మొహం పాలిపోయింది. "అంటే నలభై ఏళ్ళుగా నేను నాటకం పాటకి ఆమెన్ చెప్తన్నానా?"

నవ్వొచ్చే మాటే. కానీ విల్సన్‌కి నవ్వే ఓపిక లేదు. జాన్‌బాబు కాసేపటికి తేరుకున్నాడు. పట్టిన పట్టు విడిచే మనిషైతే సంఘపెద్ద ఎందుకవుతాడు?

"ఎక్కడి నుంచొచ్చినా ఇప్పుడది దేవునిది. హోటల్లో ఆ పాటా, చర్చిలో గిటారా? తేల్చుకో."

విల్సన్ వాదించలేదు. పొద్దున్నించీ సూపర్‌వైజరుతో వాదించి వచ్చిన నోరు అది. "సరేనండి. హోటల్లో మానేస్తాను. ఖలాస్," అని ఆ పాట కాగితం తీసి జాన్‌బాబు చేతిలో పెట్టేశాడు. మూడు నెలలు కూర్చుని, ఒక్కో స్వరం తన వేళ్ళకి అనువుగా దిద్దుకున్న కాగితం. ఇచ్చేస్తుంటే ఏడుపొచ్చింది.

"ఇంతకీ మీకెవరు చెప్పారండీ?"

"మన యూనిస్. ఆ హోటల్ వంటగదిలో గ్లాసులు కడుగుద్ది. నిన్న ఫోన్ చేసి, విల్సనన్న ఇక్కడ మన పాట వాయిస్తన్నాడండి అంది. అంతే, ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. ఉండు, పాపం ఆ పిల్లకి కూడా చెప్పేద్దాం."

ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. "అమ్మా యూనిస్, నీ ఫిర్యాదు తీరిపోయింది. విల్సన్ ఇక ఆ పాట హోటల్లో వాయించడు."



"అదేంటండీ అయ్యో! నేను ఫిర్యాదు చెయ్యలేదండి. ఇక్కడ వారం సెలవు మారిందని శుక్రవారం ఆరాధన ఆదివారానికి మార్చేశారు కదా. ఆదివారం నాకు పొద్దుట్నించీ డ్యూటీయేనండి. చర్చి మొహం చూసి రెండేళ్ళయింది. విల్సనన్న ఆ పాట ఎత్తుకుంటే తలుపు పక్కన నిలబడి దాంతోపాటే పాడుకుంటన్నాను. నాకదే ఆరాధనండి."

జాన్‌బాబు విల్సన్ వైపు చూడలేకపోయాడు. చేతిలో కాగితం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి నిన్న ఫోన్ ఎందుకు చేశావమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు పూర్తిగా విననిస్తేగా! మన పాటకి నాలుగు చరణాలు కదండీ, విల్సనన్న రెండుసార్లు వాయించి ఆపేస్తన్నాడు. మిగతా రెండూ నేనొక్కదాన్నే పాడుకోవాల్సొస్తంది, కాస్త ఆఖరిదాకా వాయించమని చెప్తారేమోనని."