కొట్టేసిన వాక్యం

"ఒక్క వాక్యం కొట్టేశాను, గురువుగారూ. మిగతాదంతా అచ్చేసుకోవచ్చు," అంటూ బెర్లిన్ సెన్సారు అధికారి ట్రౌగాట్ రాతప్రతిని తిరిగిచ్చాడు.

ప్రొఫెసర్ లీన్‌హార్ట్‌కు భయమేసింది. కాస్త గర్వంగానూ అనిపించింది. రాజుకన్నా ప్రజల వివేకమే గొప్పదన్న వాక్యమే పోయుంటుందని గబగబా పేజీలు తిప్పాడు. అది చెక్కుచెదరలేదు.

"దీన్నెలా వదిలావోయ్?"

"మూడు పేజీల వాక్యం కదండీ. మీ దగ్గర చదువుకున్న నాకే కొరుకుడు పడలేదు. జనం బుర్రకేం ఎక్కుతుంది?"

"మరి కొట్టేసిందేది?"

ట్రౌగాట్ ముందుమాట తీశాడు. పుస్తకం గట్టెక్కాలని ప్రొఫెసర్ చివర్లో భయపడి చేర్చిన ముక్క అది: 'మన రాజుగారే స్వేచ్ఛకు నిలువెత్తు రూపం.'

"రాజుగారిని పొగిడినా తప్పేనా?"

"తప్పని కాదండీ. పుస్తకం మొత్తమ్మీద అందరికీ అర్థమయ్యేది ఇదొక్కటే. చదివి నవ్వుతారు."