తేదీ వేయని దరఖాస్తు

“‘తమరి పాదాలకు మొక్కి రాసుకుంటున్నది’ అనే మాట తీసేస్తాండాను, రామప్పన్నా.”

“యాలమ్మా? బాగుండాదే!”

ఉషారాణి నవ్వింది. పుంగనూరు బస్టాండు పక్కన ఆమె డీటీపీ సెంటరు. దరఖాస్తుకు పైన పెట్టే ఉత్తరం ఆమె టైపు చేస్తే సగం ఉద్యోగం వచ్చినట్టేనని ఊళ్లో పేరు. ఆ పేరు ఆమెకూ తెలుసు. అందుకే సలహాలు కాస్త ధారాళంగానే ఇస్తుంది.

“కాళ్లు పట్టుకుంటే ఉద్యోగాలియ్యరన్నా. మనిషి పనికొస్తాడని రాయాల. జాలి సూపించమని రాయకూడదు.”

“ఈ ఉద్యోగం జాలితోనే ఇస్తారమ్మా,” అన్నాడు రామప్ప.

వెర్రిబాగులవాడు అనుకుంది ఉషారాణి. మున్సిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పే రామప్పకు కొడుకంటే పంచప్రాణాలు. కుప్పంలో ఆ కొడుకు దిలీప్ పనిచేసే గ్రానైటు ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు మోస్తున్నాడు. ఇద్దరు పసిపిల్లలు. ఈ ఉద్యోగం దొరక్కపోతే ఆ సంసారం నిలబడేలా లేదు.

“సరే, మీవానికి ఏమేమి వచ్చు?”

రామప్ప ముఖం వెలిగింది. “అన్నీ వచ్చు. సిన్నప్పట్నించీ నా సైకిలెనకాల కూసోని తిరిగినోడు. ఏ వీధి వాల్వు యాడుండాదో కండ్లు మూసుకోని చెప్తాడు. ఈ మధ్య నేను ఆస్పత్రికని లీవు పెట్టినప్పుడల్లా వాడే వచ్చి నీళ్లిడిసినాడు. ఒక్క కంప్లయింటు రాలా.”

“ఇదన్నా రాయాల్సింది!” ఉషారాణి వేళ్లు కీబోర్డు మీద టకటకలాడాయి. “అవునూ, ఆడ ఖాళీ ఉండాదా? కొత్తోళ్లను తీసుకోవడం లేదంటారే?”

“వస్తాది. ఉగాది దాటదన్నారు.”

“ఎవురు?”

“తెలిసినోళ్లే.”

“నువ్వు రిటైరయ్యేది ఎప్పుడు?”

“వచ్చే జూన్లో.”

“అట్లయితే నువ్వు సర్వీసులో ఉండంగానే పని జరిగిపోతాది. మంచిదే.”

“నేనూ అదే మొక్కుకుంటాండా.”

“దిలీప్‌నే రమ్మనకూడదా? సంతకం కావాల గదా?”

“వానికిప్పుడే చెప్పొద్దమ్మా. తేదీ ఖాళీగా ఇడిసిపెట్టు. టైమొస్తే వాడే వచ్చి తీసుకుంటాడు. అప్పుడు కూసోని రాసేదానికి వానికి చెయ్యాడదు, పిచ్చోడు.”

ఆ ముందుచూపు చూసి ఉషారాణికి ముచ్చటేసింది. తన తండ్రి ఏనాడూ తన కోసం ఒక కాగితం ముక్క పట్టుకుని తిరగలేదన్న బాధ కూడా కలిగింది. ప్రింటు తీసి, కాస్త గట్టిగానే చదివింది.

“‘మా నాన్న రామప్ప గారికి తమ కార్యాలయంలో ముప్పయ్యొక్క సంవత్సరాల సర్వీసు ఉంది. ఆయన చేతికింద నేర్చుకున్న పనిని అదే నమ్మకంతో చేస్తానని మాట ఇస్తున్నాను.’ ఎట్లుండాది?”

రామప్ప ఆ వాక్యాల కింద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“శానా బాగుండాదమ్మా. ఒక్క మాటే తక్కువ.”

“ఏంది?”

“నా పేరుకు ముందర ‘కీర్తిశేషులు’ అని చేర్చు.”