పన్నెండుసార్లు ఔనంది

"ఒరేయ్ ఖున్‌షెంగ్, మళ్ళీ చెప్తున్నా, అది బొమ్మరా. ఉత్త చెక్క. దానికి చెవుల్లేవు," అన్నాడు యెన్ మాస్టారు వేరుశెనక్కాయలు ఒలుస్తూ.

"నీ నోట్లో పురుగులు పడ! కడలి మీద మనల్ని కాచే మాజు తల్లిని పట్టుకుని బొమ్మంటావా?" వలకి సీసపు గుళ్ళు కడుతూనే తిట్టాడు ఖున్‌షెంగ్. "మీ నాన్న అంత తుఫానులోంచి ఎలా తిరిగొచ్చాడ్రా మరి?"

"ఈత వచ్చు కనక వచ్చాడు."

ముప్పై ఏళ్ళుగా ఇదే రభస. పెంగ్హు రేవులో ఈ వాదన వినని మనిషి లేడు. ఒకడు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, దేవుడు లేడంటాడు. ఇంకొకడు వలలు బాగుచేస్తాడు, రోజూ పొద్దున్నే గుడి వాకిలి ఊడుస్తాడు. చిన్నప్పటి స్నేహితులు, పక్కపక్క ఇళ్ళు. తిట్టుకున్నా టీ మాత్రం ఒకే కెటిల్లోంచి పోసుకుంటారు.

ఈ ఏడు ఖున్‌షెంగ్‌కి వాదన మీద మనసు లేదు. భార్య పీయున్ మంచం పట్టి రెండేళ్ళయింది. వేసవి దాటదని డాక్టరు చెప్పేశాడు. ఆమె కోరిక ఒక్కటే. మాజు తల్లి విగ్రహం తమ ఇంటికి రావాలి, పోయేలోగా తన చేత్తో దీపం పెట్టాలి.

ఆ భాగ్యం ఏటా ఒక్క ఇంటికే. ఎవరింటికన్నది అమ్మే చెప్తుంది. ఊళ్ళో ప్రతి ఇంటి పేరూ పిలుస్తారు. పిలవగానే ఆ ఇంటివాళ్ళు వెదురు దుంపతో చేసిన, ఒకవైపు చదునుగా ఒకవైపు ఉబ్బుగా ఉండే రెండు చంద్రవంక చెక్కలు విసురుతారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మ ఔనన్నట్టు. తప్పేదాకా విసరొచ్చు. ఎక్కువసార్లు ఔననిపించుకున్నవాడింట్లో అమ్మ ఏడాది ఉంటుంది. ఖున్‌షెంగ్‌కి ఏ ఏడూ రెండు దాటలేదు.

"పోనీలేరా," అన్నాడు మాస్టారు గొంతు తగ్గించి. "జాబితాలో మా ఇంటి పేరు కూడా ఉందిగా. నా ఖర్మ కాలి నాకొస్తే తెచ్చి పీయున్‌కి ఇచ్చేస్తా. ఆ బొమ్మ నాకెందుకు? మాటిస్తున్నా."

ఖున్‌షెంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. నాస్తికుడైతేనేం, మనిషి బంగారం అనుకున్నాడు.

పండగ రోజు గుడి కిక్కిరిసింది. విసిరిన చెక్కలు ఏరి, పళ్ళెంలో పెట్టి, తర్వాతివాడికి అందించే పని ఎప్పట్లాగే ఖున్‌షెంగ్‌దే. అప్పటిదాకా ఎక్కువ తెచ్చుకున్నది చేపల వేలంపాట పాడే మనిషి, ఐదు. ఖున్‌షెంగ్ వంతు వచ్చింది. చెక్కలు తీశాడు. చొక్కా అంచుతో శ్రద్ధగా తుడిచాడు. పళ్ళెంలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే మాస్టారు చేతులు ఊపుకుంటూ లోపలికొచ్చాడు.

"అరె, నాస్తికుడొచ్చాడ్రోయ్!" గుడి సంఘం పెద్ద పళ్ళెం లాక్కున్నాడు. "ముందు నువ్వు విసురు మాస్టారూ. అమ్మ ఏమంటుందో చూద్దాం."

"వద్దు! ఇది నా వంతు!" అని అరిచాడు ఖున్‌షెంగ్.

అందరూ గొల్లుమన్నారు. "కాస్త ఆగవయ్యా, అమ్మెక్కడికీ పారిపోదు!"

"చూస్తూ ఉండండి, మూడు దాటదు. ఇందులో దేవుడూ లేడు, దెయ్యమూ లేదు," అంటూ మాస్టారు విసిరాడు.

ఔను. ఔను. ఔను.

ఆరోసారికి నవ్వులు ఆగిపోయాయి. తొమ్మిదోసారికి ముసలమ్మలు మోకరిల్లారు. పన్నెండోసారికి మాస్టారు అమ్మకి చేతులు జోడించాడు. ఇక అమ్మని విసిగించొద్దని పెద్ద ఆపించాడు. మహిమగల చెక్కలని వాటిని ఎర్రగుడ్డలో చుట్టి అమ్మ పాదాల దగ్గర పెట్టించాడు. ఖున్‌షెంగ్‌కి వేరే జత ఇచ్చారు.

మొదటి విసురుకే రెండూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే అమ్మ నవ్విందని అర్థం. ముప్పై ఏళ్ళు తన వాకిలి ఊడ్చినవాణ్ణి చూసి, ఊరందరి ముందూ నవ్వింది.

అయినా స్నేహితుడి మాట ఉంది కదా! సాయంత్రం ఖున్‌షెంగ్ పక్కింటికి వెళ్ళాడు. మాస్టారు విగ్రహం ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. గది నిండా అగరొత్తుల పొగ.

"పీయున్ తల దువ్వించుకుని ఎదురుచూస్తోందిరా. అమ్మని తీసుకెళ్తాను."

"ఎలా ఇవ్వమంటావురా?" మాస్టారు వెనక్కి తిరిగాడు. "అమ్మ ఈ గడప ఎంచుకుంది. దాటించడం అపచారం. పీయున్‌నే ఇక్కడికి తీసుకురా."

"అది పక్క మీంచి కదల్లేదని నీకు తెలీదూ? మాటిచ్చావు కదరా!"

"మాటిచ్చింది దేవుడు లేడనుకున్నవాడు. వాడు ఇవాళ పొద్దున చచ్చిపోయాడు."

"వాడే నయం, ద్రోహీ! వాడైతే ఇచ్చేవాడు!"

మాస్టారు కోప్పడలేదు. లేచి వచ్చి స్నేహితుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నాలుగువేల తొంభై ఆరు సార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి జరగాల్సిన వింతరా అది. జన్మంతా లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తెలీదా? అమ్మ మహిమ కాకుండా దానికి ఇంకొక్క కారణం చెప్పు. ఒక్కటి చాలు. ఇది బొమ్మేనని ఒప్పుకుని, ఈ క్షణమే భుజాన మోసుకొచ్చి పీయున్ మంచం పక్కన పెడతాను."

గోడ అవతల పీయున్ దగ్గుతోంది.

ఆ చెక్కలు ఎప్పుడు విసిరినా ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడాలని పది రోజులు తలుపేసుకుని వాటి కడుపు తొలిచి వలసీసం కరిగించి పోసినవాడు, తన వంతు రాగానే చొక్కా చాటున జత మార్చినవాడు, తల దించుకుని ఇంటిదారి పట్టాడు.