అద్దం మీద కాటుక చుక్క

"మీ పాప ఏదండీ?"

విజయవాడ పిల్లల ఆసుపత్రిలో, అద్దాల గది ముందు కూర్చున్న వెంకటరత్నమ్మ తలెత్తింది. నైటీ మీద తువ్వాలు కప్పుకున్న అమ్మాయి.

"ఆ చివర్న ఉందే, అదే. మనవరాలు. ఏడో నెల్లోనే పుట్టేసింది."

"వాళ్ళమ్మ?"

"ఫిట్స్ వచ్చి వేరే ఆసుపత్రిలో ఉంది. మావాడు అక్కడ, నేనిక్కడ."

వెంకటరత్నమ్మ హనుమాన్ జంక్షన్‌లో వీధి వీధంతా పలకరించే మనిషి. ఇక్కడ గోడలతో మాట్లాడాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి పేరు కృప, ఊరు కొండపల్లి. లోపలున్న ఏ బిడ్డకో తల్లి అనుకుంది పెద్దావిడ. ఇద్దరూ రోజూ ఒకే పొట్లంలో ఇడ్లీలు తినేవారు. లోపల ఏ బిడ్డ ఏడ్చినా కృప తువ్వాలు గుండెలకు అదుముకునేది.

ఒకరోజు డాక్టరు చెప్పింది.

"డబ్బాపాలు పడక పాప పేగులు వాచాయి కదండీ. ఇప్పుడు వేరే తల్లులు పాలిచ్చే పాల బ్యాంకు నుంచి తల్లిపాలు పట్టిస్తున్నాం. వాటితో కడుపులో మంచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెద్దయ్యాక కూడా అవే అండ. ఇంకొన్నాళ్ళు ఈ పాలు ఆగకూడదు."

పెద్దావిడకు సగమే అర్థమైంది. పాప పొట్ట ఉబ్బరం తగ్గింది, అది చాలు.

అంతలో ఆయా చెవిలో ఊదింది.

"ఆ పిల్లతో మీకెందుకండీ? దాని బిడ్డ పుట్టి పోయింది."

వెంకటరత్నమ్మ చప్పున సంచీ విప్పింది. బిడ్డ పోయినదాని చూపు పసిబిడ్డ మీదా! కాటుక తీసి అద్దం మీద ఇంత చుక్క పెట్టింది.

కృప వచ్చింది.

"నువ్విక ఇటు రాకమ్మా. మా పిల్లకి దిష్టి తగులుద్ది."

కృప ఆ చుక్క వంక చూసింది.

"ఒక్కసారి చూసి వెళ్ళిపోతానండీ."

"వద్దన్నానా!"

కృప తువ్వాలు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు వెంకటరత్నమ్మ ఒక్కతే కూర్చుంది. ఇడ్లీ సయించలేదు. మంచిపనే చేశానని తనకు తానే చెప్పుకుంది.

నర్సు శాలిని ఖాళీ సీసాతో వచ్చింది.

"కృప ఏదమ్మా? ఫోనెత్తట్లేదు. ఫ్రిజ్‌లో పాలు అయిపోయాయి."

"నేనే పొమ్మన్నా. అయినా ఆ పిల్లకి ఇక్కడేం పని?"

శాలిని అద్దంలోంచి పాప వైపు చూసింది.

"డిశ్చార్జి అయినా ఇంటికి పోకుండా, ఇన్నాళ్ళూ మీ పాపకి పాలిచ్చింది ఆవిడేనండీ."