వెలుగు తగిలితే బత్తాయి

“ఎవరు విప్పారు దీన్ని?” గీతిక అరిచిన అరుపుకి సినిమా ఆఫీసు మేడ మీద పూజకు చేరినవాళ్ళంతా ఇటు తిరిగారు.

పసుపు గణపతి ముందు ఎండలో ఆమె తెచ్చిన తెల్లటి తెర గుడ్డ పరిచి ఉంది. దాన్ని చుట్టి ఉంచిన నల్ల కాగితం ఓ మూల పడి ఉంది.

“నేనే మేడం,” అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ నర్సింహ. “కొత్త సామాను గదా, పూజల మూసిపెడ్తరా ఏంది? కెమెరా గూడ మూత తీసే పెడ్తం.”

“ఎప్పుడు విప్పారు?”

“పొద్దుగాలనే.”

గీతికకు ఏడుపొక్కటే తక్కువ. ఆ గుడ్డకు పట్టించిన రసాయనంలో బత్తాయి తొక్క వాసన ఒక పెద్ద అణువులో ఇరుక్కుని ఉంటుంది. వెలుగు తగిలితే ఆ అణువు విరిగి, వాసన విడిపోయి గాల్లో కలుస్తుంది. కెమిస్ట్రీలో దీన్ని ఎలిమినేషన్ అంటారు. ఒకసారి పోయిందంటే పోయినట్టే.

సినిమాలో తోట సీను రాగానే తెర మీద నీలి లైటు పడి, హాలంతా బత్తాయి గుబాళించాలని నిర్మాత వెంకటనర్సయ్య పట్టుదల. ఇవాళ్టి ప్రదర్శన చూసి ఆయన ఊఁ అనకపోతే, మధురానగర్‌లో ఆమె పెట్టుకున్న చిన్న ల్యాబుకి తాళమే. వద్దనుకుని వచ్చేసిన మందుల కంపెనీకి మళ్ళీ పోవాలి.

“వాయిదా వేయించండి నర్సింహగారూ, ప్లీజ్! ఇంకో గుడ్డ తయారుచేస్తాను.”

“ముహూర్తం తప్పితే సార్ నన్ను బతకనిస్తడా? ఏం గాదు, ఫికర్ జేయకుండ్రి.”

ఫికరు కాక ఇంకేం మిగిలింది! పూజ అయ్యాక ఫిల్మ్‌నగర్ ప్రివ్యూ థియేటర్‌లో తెరగా ఆ గుడ్డనే కట్టారు. గీతిక కూర్చోలేక, నిలబడలేక, చున్నీ కొస నలుపుకుంటూ గోడవారనే తిరిగింది. దర్శకుడు సుహాస్, మిగతా యూనిట్ వచ్చి కూర్చున్నారు. ముందు వరుసలో వెంకటనర్సయ్య.

నీలి లైటు పడింది.

గీతిక గట్టిగా గాలి పీల్చింది. ఏమీ లేదు. ఎవరూ నోరు మెదపలేదు. నిర్మాత ఏదో ఒకటి అనకముందు యూనిట్‌లో ఎవరూ ఏమీ అనరు, అదక్కడి పద్ధతి. వెంకటనర్సయ్య వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహమూ చూశాడు. వాళ్ళంతా ఆయన మొహమే చూస్తున్నారు.

“అబ్బ! మా నల్లగొండ బత్తాయే!” అన్నాడాయన చివరికి.

“సూపర్ సార్!” సుహాస్ లేచి నిలబడ్డాడు. “నోరూరుతోంది!”

“పక్కన కూసొని ఒలుస్తున్నట్టే ఉంది సార్,” అని నర్సింహ చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది.

గీతికకు మతి పోయింది. తన ముక్కే చెడిందా? గుడ్డ మడతల్లో ఎక్కడైనా కాస్త మిగిలిందా? ఏదైతేనేం, గెలిచాను కదా, నోరు మూసుకుంటే సరి అనుకుంది. కానీ మనసు ఒక్కచోట నిలవనిస్తేగా! అందరూ వెళ్ళేదాకా ఆగి ఆయన దగ్గరికి వెళ్ళింది.

“సార్, తిట్టినా సరే, నిజం చెప్తాను. ఇవాళ ఏ వాసనా రాలేదు. గుడ్డ పొద్దున ఎండలోనే పాడైపోయింది.”

వెంకటనర్సయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

“ఇంకో గుడ్డ తే బిడ్డా,” అన్నాడు మెల్లగా. “ఈసారి నువ్వు నా పక్కన్నే కూసోవాలె. వాసన వచ్చిందో లేదో నాకు జెప్పాలె.”

“మీకే తెలుస్తుంది కదా సార్?”

“కరోనా వచ్చిపోయినకాడి నుంచి నాకు ఏ వాసనా తెలుస్తలేదు.”